విద్యార్థి వీసా: ఏ దేశం ఏ రుజువు అడుగుతుంది, మన దగ్గర ఏది ఉంది

బీటెక్ ఆఖరి సంవత్సరం వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. అమెరికాకు పంపాలా, లండన్‌కా, కెనడాకా, జర్మనీలో ఫీజు ఉండదంటున్నారు కదా అటు చూడాలా, పెదనాన్నగారి అల్లుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు కనుక అక్కడైతే తోడుంటుందా అని. ఈ చర్చ సాధారణంగా యూనివర్సిటీల ర్యాంకులతో మొదలై, జీతాల మీదుగా సాగి, చివరికి అప్పు దగ్గర ఆగుతుంది. వీసా మాట మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చాక గానీ రాదు. చిక్కంతా అక్కడే ఉంది. ఐదు దేశాలూ విద్యార్థి వీసా అనే పేరుతోనే ఇస్తున్నా, అవి అడిగే రుజువులు వేరు. ఒక దేశం మనిషిని ఎదురుగా నిలబెట్టి ఉద్దేశం అడుగుతుంది. ఒకటి బ్యాంకు ఖాతాలో నిల్వ ఎన్ని రోజులు కదలకుండా ఉందో లెక్కపెడుతుంది. ఒకటి మార్కుల మెమోలను ముందే పరిశీలనకు పంపమని, ఏడాది ఖర్చును ఖాతాలో బంధించమని అంటుంది. మిగిలిన రెండూ మనం రాసిచ్చిన కారణాలను చదివి తేలుస్తాయి. అందువల్ల ఏ దేశం మంచిదని అడిగే ముందు, ఏ దేశం కోరే రుజువు మన దగ్గర నిజంగా ఉందో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఈ పోలిక ప్రధానంగా మాస్టర్స్‌కు వెళ్లదలచిన వారి కోసం రాసినది. రుసుములూ పరిమితులూ 2025 చివరి నాటివి. ఇవి తరచూ మారుతుంటాయి కనుక డబ్బు కట్టే రోజున ఆయా దేశాల అధికారిక వెబ్‌సైటులో మరొకసారి సరిచూసుకోవాలి.

దేశం కన్నా ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, కుటుంబం దగ్గర ఉన్న డబ్బు ఏ రూపంలో ఉన్నదన్నది. మన ఊళ్లలో ఆస్తి అంటే ఎక్కువగా పొలం, ఇంటి స్థలం, బంగారం. పట్టాదారు పాసు పుస్తకం చూపిస్తే ఊరి బ్యాంకు మేనేజరు తనఖా మీద అప్పు ఇవ్వవచ్చు గాని, వీసా అధికారికి ఆ పుస్తకం డబ్బు కాదు. రెండవది, వీసా తిరస్కరణకు గురైతే చేతి నుంచి ఎంత పోతుందన్నది. దీనిని ఎవరూ ముందుగా లెక్కవేయరు. మూడవది, చదువు పూర్తయ్యాక ఎన్నాళ్లు ఉండి పని చేసుకోవచ్చు, ఎందుకంటే అప్పు తీరేది ఆ కాలంలోనే. నాలుగవది పెళ్లయిన వారికే: భార్యను గాని భర్తను గాని వెంట తీసుకువెళ్లడం కుదురుతుందా అన్నది. విద్యార్థికి ఎదురుగా కూర్చుని మాట్లాడే ధైర్యం ఉందా, లేక కాగితం మీద రాయడంలోనే నేర్పు ఉందా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. దీనిని చాలామంది చిన్న విషయం అనుకుంటారు గాని అమెరికా విషయంలో ఇది చిన్నది కాదు.

| దేశం | వీసా రుసుము | చూపవలసిన డబ్బు | చదువుకుంటూ పని | చదువయ్యాక |
|---|---|---|---|---|
| అమెరికా | 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము 350 డాలర్లు | యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో వేసిన మొదటి ఏడాది ఖర్చు మొత్తం | క్యాంపస్‌లో వారానికి 20 గంటలు | ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుకు మరో 24 నెలలు |
| బ్రిటన్ | 524 పౌండ్లు, ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు | కట్టవలసిన ఫీజు. జీవన వ్యయం లండన్‌లో నెలకు 1,529, బయట 1,171 పౌండ్లు, 9 నెలల వరకు | వారానికి 20 గంటలు | 2 ఏళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలు |
| కెనడా | 150 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు 85 కెనడా డాలర్లు | మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు, వాటికి అదనంగా 22,895 కెనడా డాలర్లు | వారానికి 24 గంటలు | 3 ఏళ్ల వరకు |
| జర్మనీ | 75 యూరోలు | బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) 11,904 యూరోలు | ఏడాదికి 140 పూర్తి రోజులు | ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు |
| ఆస్ట్రేలియా | 2,000 ఆస్ట్రేలియా డాలర్లు | మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు, జీవన వ్యయానికి 29,710 డాలర్లు | రెండు వారాలకు 48 గంటలు | మాస్టర్స్ చేసిన భారతీయులకు 3 ఏళ్ల వరకు |

అమెరికా: రెండు మూడు నిమిషాల మాట

అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తు చేసిన ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో వస్తున్నట్టుగానే అధికారి ముందు భావించాలి. కాదని నమ్మించవలసిన భారం విద్యార్థి మీదే ఉంటుంది. యూనివర్సిటీ పంపిన ఐ-20, నింపిన డీఎస్-160 ఫారం, కట్టిన సెవిస్ రుసుము రసీదు, ఇవన్నీ కిటికీ దాకా తీసుకువెళతాయి. ఆ తర్వాత జరిగేదంతా మాటే. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు లావుపాటి ఫైలుతో వెళ్లి, అందులో ఒక్క కాగితమూ తీయకుండానే బయటికి వచ్చినవారు ఎందరో ఉన్నారు.

ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ‘అక్కడ ప్రపంచస్థాయి అధ్యాపకులు, పరిశోధన అవకాశాలు ఉన్నాయి’ అని కన్సల్టెన్సీలో నేర్పిన వాక్యం అప్పగించే విద్యార్థి, అదే ఉదయం అదే వాక్యం చెప్పిన పదో మనిషి కావచ్చు. అదే ప్రశ్నకు ‘నాలుగో ఏడు ప్రాజెక్టులో మిరప ఆకుల ఫోటోల నుంచి తెగులు గుర్తించే పని చేశాను, ఈ కోర్సు రెండో సెమిస్టరులో కంప్యూటర్ విజన్ పేపరు ఉంది’ అని చెప్పగలిగిన వారి మాట వేరుగా వినిపిస్తుంది. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిది తీర్చుకునే మొక్కును నేను తప్పుపట్టను. ఆ పదకొండు ప్రదక్షిణలకు పట్టినంత సేపైనా తాను చేరబోయే కోర్సు సిలబస్ చూడనివారిని తలచుకుంటేనే విచారం కలుగుతుంది.

డబ్బు విషయంలో మాత్రం ఐదింటిలోనూ అమెరికాయే సర్దుబాటుగా ఉంటుంది. విద్యా రుణం శాంక్షన్ లెటర్, తల్లిదండ్రుల ఎఫ్‌డీలు, మేనమామ స్పాన్సర్‌షిప్, ఏదైనా చూపవచ్చు. నిర్ణీత రోజులపాటు నిల్వ ఉండాలన్న కచ్చితమైన నిబంధన లేదు. పొలం విలువతో చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే సర్టిఫికెట్ కుటుంబ నేపథ్యాన్ని చూపడానికి పనికి వస్తుందే తప్ప ఫీజు కట్టగలరనడానికి సాక్ష్యం కాదు. తిరస్కరణ అయితే 185 డాలర్లు పోతాయి, అప్పీలు ఉండదు, కాని మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు; పన్నెండు నెలల లోపల వెళితే సెవిస్ రుసుము రెండోసారి కట్టనక్కరలేదు.

అసలైన అనిశ్చితి సమయానిది. 2025 మే 27న విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లను కొన్ని వారాలపాటు నిలిపివేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలన్న షరతు వచ్చింది. ఆగస్టు చేరికలకు మే, జూన్ నెలలే కీలకమైనవి కనుక ఆ ఏడు చాలామంది జనవరికి వాయిదా వేసుకోవలసి వచ్చింది. చదువయ్యాక స్టెమ్ కోర్సు వారికి మొత్తం మూడేళ్ల పని అనుమతి దొరుకుతుంది. ఆ తర్వాతి మెట్టు అయిన హెచ్1బీ ఉద్యోగ వీసాలు ఏటా 85,000కు మించి ఉండవు, కోరేవారు అంతకు కొన్ని రెట్లు ఉంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద అక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖ తర్వాత వివరణ ఇచ్చింది. అప్పు మొత్తం హెచ్1బీ మీద ఆశతో తీసుకోవడం కన్నా, ఆ మూడేళ్లలో తీర్చగలిగినంతే తీసుకోవడం వివేకం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చేరిన మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చని, క్లాసులకు వెళ్లనక్కరలేదని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోవాలి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే పన్నిన వలలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

బ్రిటన్: ఇరవై ఎనిమిది రోజుల లెక్క

బ్రిటన్ వీసాలో మాటకన్నా అంకెకు విలువ ఎక్కువ. కొందరికి వీడియో ద్వారా చిన్న ఇంటర్వ్యూ ఉండవచ్చు, క్షయ పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి, అయితే చాలా ఫైళ్లు నిలిచేదీ పడేదీ బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరే. లండన్ బయట ఏడాది మాస్టర్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఫీజు 18,000 పౌండ్లు, అందులో 6,000 ముందే కట్టారనుకుంటే, మిగిలిన 12,000కు తొమ్మిది నెలల జీవన వ్యయం 10,539 కలిపి 22,539 పౌండ్లు చూపాలి. ఈ మొత్తం వరుసగా 28 రోజులపాటు, ఒక్క రోజు కూడా తగ్గకుండా ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి ముందు 31 రోజుల లోపల పడాలి. రూపాయి విలువ రోజూ మారుతుంది కనుక అంచుమీద ఉంచకుండా యాభై వేలో లక్షో అదనంగా ఉంచడం మంచిది. మా బంధువుల ఇంట్లో పందొమ్మిదో రోజున ఎరువుల కొట్టు బాకీకని తండ్రి ఖాతా నుంచి నలభై వేలు తీశారు. మూడు రోజుల్లో తిరిగి వేశారు గాని లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది, ఆ లోపల యూనివర్సిటీ చేరికకు ఇచ్చిన గడువు దాటిపోయింది.

ఆ ఖాతా విద్యార్థిదో తల్లిదండ్రులదో అయి ఉండాలి. అన్నయ్య, బాబాయి, తాతయ్య ఎంత ఉన్నవారైనా వారి ఖాతా చెల్లదు. తల్లిదండ్రులదైతే జనన ధ్రువీకరణ పత్రం, వారి సమ్మతి లేఖ జతచేయాలి. విద్యా రుణం తీసుకునేవారికి దీనికన్నా దగ్గరి దారి ఉంది: ఆరు నెలలకు మించి పాతబడని రుణ పత్రం ఉంటే ఆ మొత్తానికి 28 రోజుల నిబంధన ఉండదు. పొలం తనఖా పెట్టి రుణం తీసుకోగలిగిన రైతు కుటుంబానికి, చేబదుళ్లు చేసి ఖాతా నింపడం కన్నా ఇది ఎంతో శుభ్రమైన మార్గం.

తిరస్కరణ అయితే 524 పౌండ్లు పోతాయి; ఏడాది కోర్సుకు పదహారు నెలల వీసా కింద కట్టే 1,164 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి మాత్రం తిరిగి వస్తుంది. మూడు వారాల్లో నిర్ణయం రావడం మామూలు కనుక ఆలస్యంగా మేలుకున్నవారికి కూడా బ్రిటన్ అందుతుంది. లోటు అంతా చదువయ్యాక కనబడుతుంది. 2026 సెప్టెంబరులో చేరినవారు 2027లోనే గ్రాడ్యుయేట్ రూట్‌కు, అంటే చదువయ్యాక ఉండి పని చేసుకునే వీసాకు, వస్తారు, అంటే వారికి రెండేళ్లు కాదు, పద్దెనిమిది నెలలే. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సుల వారు తప్ప మిగిలినవారు జీవిత భాగస్వామిని వెంట తీసుకువెళ్లలేరు కూడా.

జర్మనీ: ముందే తేల్చే మార్కులు

జర్మనీ వీసా కష్టం వీసా దగ్గర ఉండదు, దానికి ఆరేడు నెలల ముందు ఉంటుంది. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ (చదువు పత్రాలను పరిశీలించే జర్మన్ విభాగం) సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. పదో తరగతి నుంచి బీటెక్ దాకా మెమోలన్నీ పంపి, 18,000 రూపాయలు కట్టి, అవి నిజమైనవేనని ధ్రువీకరణ పొందాలి. పోయిన సెమిస్టరు మెమో కోసం యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరగవలసిన వారు ఆ సమయాన్ని కూడా కలుపుకోవాలి.

తర్వాతది సీటు. జర్మనీలో మార్కులను వారి కొలమానంలోకి మార్చే సూత్రం ఒకటుంది: నూటికి పాస్ మార్కు 40 అనుకుంటే, 72 శాతం వచ్చిన విద్యార్థికి 2.4 వస్తుంది, 65 శాతానికి 2.75. అక్కడ అంకె తగ్గేకొద్దీ గొప్ప. చాలా కోర్సులు 2.5 దాకానే తీసుకుంటాయి కనుక ఆ ఏడు శాతం తేడాయే గీతకు అటూ ఇటూ నిలబెడుతుంది.

ఖర్చు పరంగా ఇదే అన్నిటికన్నా తేలిక. బ్లాక్డ్ ఖాతాలో వేసిన 11,904 యూరోలు ఖర్చయ్యేవి కావు, అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మనకే వస్తాయి; వీసా రాకపోతే వెనక్కి వస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాల సెమిస్టరు నుంచి విదేశీ విద్యార్థులకు ఫీజు పెట్టింది. జర్మనీ పేరుతో మన దగ్గర ఎక్కువగా ప్రచారమయ్యేవి మాత్రం ఫీజు తీసుకునే ప్రైవేటు సంస్థలే, ఎందుకంటే కన్సల్టెన్సీకి కమీషను ఇచ్చేవి అవే. ‘ఉచిత సేవ’ అన్న బోర్డు కింద కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2025 జూలై 1 నుంచి తిరస్కరణపై పునఃపరిశీలన కోరే అవకాశాన్ని తీసివేశారు. ఇక మళ్లీ దరఖాస్తు చేయాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. భాష సంగతి సరేసరి. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా, ఊళ్లో పార్ట్‌టైమ్ పనికీ ఆ తర్వాతి ఉద్యోగానికీ జర్మన్ కావాలి. ఇక్కడే బీ1 (మధ్యస్థ స్థాయి) దాకా జర్మన్ నేర్చుకుని వెళ్లే ఓపిక లేనివారికి నేను జర్మనీ సూచించను.

కెనడా, ఆస్ట్రేలియా: రాతలో తేలేవి

కెనడా కొన్నాళ్ల క్రితం వరకు సులువైన దారిగా పేరుపడింది. త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబరు 8న ఆపేశారు, అనుమతుల సంఖ్యకు పరిమితి పెట్టారు, ప్రావిన్సు ఇచ్చే ధ్రువీకరణ లేఖ అడగడం మొదలుపెట్టారు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేరేవారికి 2026 జనవరి 1 నుంచి ఆ లేఖ అక్కరలేదు. కాలేజీ డిప్లొమాలకు మాత్రం చదువయ్యాక పని అనుమతి కొన్ని రంగాలకే పరిమితమైంది. కనుక కెనడాకు డిగ్రీ కోసమే వెళ్లాలి తప్ప ఫీజు తక్కువని డిప్లొమాకు వెళ్లే రోజులు కావివి.

ఇక్కడ సాధారణంగా ఇంటర్వ్యూ ఉండదు, విద్యార్థి రాసిన స్టడీ ప్లానే మాట్లాడుతుంది. రెండేళ్లు ఖాళీగా ఉన్నా, కోర్సు మారుతున్నా కారణం అందులోనే చెప్పాలి. స్థిరపడాలన్న కోరిక ఉండటాన్ని కెనడా చట్టం అభ్యంతరంగా చూడదు, అనుమతి ముగిస్తే వెళ్లిపోతారన్న నమ్మకం అధికారికి కలిగితే చాలు. ఈ ఒక్క అంశంలో అది అమెరికాకు పూర్తిగా వేరు. తిరస్కరిస్తే పోయేది 235 కెనడా డాలర్లు; జీవన వ్యయానికి హామీగా కెనడా బ్యాంకులో వేసిన జీఐసీ డిపాజిట్ తిరిగి వస్తుంది.

ఆస్ట్రేలియాలో 2024 మార్చి నుంచి ‘నిజమైన విద్యార్థి’ అన్న పరీక్ష వచ్చింది. ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 150 పదాల్లోపు జవాబు రాయాలి. రాత చక్కగా ఉన్నవారికి ఇది మేలే, కాని తిరస్కరణ అయితే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే లక్ష రూపాయలకు పైనే, తిరిగి రావు. ఫైలులో చిన్న అనుమానానికి తావున్నా ఇక్కడ ప్రయోగం చేయకూడదు.

ఎవరికి ఏది నప్పుతుంది

డబ్బు తక్కువ, మార్కులు డెబ్భై శాతం పైన, ఏడాది ఆగగల ఓపిక ఉంటే జర్మనీ. పొలం తనఖాతో రుణం వచ్చి, కంప్యూటర్స్ వంటి స్టెమ్ కోర్సు చదవదలచి, ఎదుటి మనిషితో తడబడకుండా మాట్లాడగలిగితే ఇన్ని అనిశ్చితుల మధ్య కూడా అమెరికా తీసివేయదగినది కాదు. ఏడాదిలో చదువు ముగించుకుని తిరిగి వచ్చి ఇక్కడే పని చూసుకుంటామనేవారికి బ్రిటన్ సరిపోతుంది. అక్కడే సంపాదించి అప్పు తీర్చాలనుకునేవారికి పద్దెనిమిది నెలలు చాలవు.

పెళ్లయినవారి ఎంపిక ఇంకా ఇరుకు. అమెరికాలో ఎఫ్2 మీద వెళ్లిన భాగస్వామి పని చేయకూడదు. కెనడాలో మాస్టర్స్ పదహారు నెలలకు తగ్గకుండా ఉంటేనే భాగస్వామికి పని అనుమతి దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ విద్యార్థి భాగస్వామికి పని గంటల పరిమితి లేదు. కనుక ఇద్దరూ ఉద్యోగాలు చేయగల జంట ఆ రెండు వేల డాలర్ల రిస్కు తీసుకున్నా అర్థం ఉంది. ఒక వయసు షరతు మాత్రం గమనించాలి: చదువయ్యాక ఇచ్చే 485 వీసాకు మామూలు మాస్టర్స్ వారు 35 ఏళ్లు దాటి ఉండకూడదు.

ఇంతకుముందు ఒకచోట తిరస్కరణ అయినవారు దానిని దాచకూడదు. ప్రతి ఫారంలోనూ ఆ ప్రశ్న ఉంటుంది. ఉన్నదున్నట్టు చెప్పి కారణం రాస్తే రెండో దేశం ఇవ్వవచ్చు. దాచినట్టు, లేదా దొంగ అనుభవ పత్రం పెట్టినట్టు తేలితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్ల వరకు తలుపు మూస్తాయి, ఆస్ట్రేలియా మూడేళ్లు నిషేధిస్తుంది, అమెరికాలో ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. ఖాతాలో నెల రోజులు డబ్బు వేసి వడ్డీ తీసుకునే వ్యాపారం అమీర్‌పేట నుంచి చిన్న పట్టణాల దాకా ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేది విద్యార్థే, శిక్ష పడేదీ విద్యార్థికే.

ఏ దేశం ఎంచుకున్నా, మన తెలుగువారు అన్నిటికన్నా ముందు చూసుకోవలసిన కాగితం పాస్‌పోర్టు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్నా, లేక ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకేచోట రాసి ఉన్నా, ఐ-20, క్యాస్ (బ్రిటన్ యూనివర్సిటీ ఇచ్చే చేరిక ధ్రువీకరణ), ఏపీఎస్ అన్నీ ఆ పాస్‌పోర్టునే అనుసరిస్తాయి. ఇంటిపేరు లేని పాస్‌పోర్టుకు అమెరికా వీసాలో పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, తర్వాత అక్కడి బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే మొదటి పేరై కూర్చుంటుంది. దరఖాస్తులు మొదలుపెట్టక ముందే మెమోనూ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని, తేడా ఉంటే అప్పుడే పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకోవాలి.